వెనక సైకిళ్లు, ముందు బంగాళాదుంపలు

బర్గండీ, కాలవ గట్టు మీది క్యాంపు
11 జూన్ 1988

అక్కా,

నేను క్షేమం. లామీ క్షేమం. కారు క్షేమం, దాని వెనక తగిలించిన మా చక్రాల ఇల్లు, అదే కారవాన్, క్షేమం. కారవాన్ వెనక కట్టిన సైకిళ్లు రెండూ మరీ క్షేమం. ఈ చివరి మాట మాత్రం బావ కాఫీ తాగుతున్నప్పుడు పైకి చదువు. వినపడనట్టు నటిస్తే రెండోసారి చదువు.

బయల్దేరే ముందు రోజు మా వాకిట్లో నిలబడి బావ ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. "సైకిళ్లు ముందు కట్టాలిరా రూలోఫ్, కారుకీ కారవాన్‌కీ మధ్య, ఆ ఇనప కాడి మీద. వెనక వేలాడదీస్తే ముక్కు పైకి లేస్తుంది. ముక్కు తేలిన బండి రోడ్డు మీద నిలవదు." ఇరుగుపొరుగు అంతా వింటున్నారు. జీవితమంతా బళ్లో పిల్లలకి బరువులూ మీటలూ చెప్పినవాణ్ణి, నాకు పాఠమా? పిల్లలు ఊగే ఎగుడుదిగుడు బల్లకి ఒక చివర లావుపాటి పిల్లవాడు కూర్చుంటే ఏం చేస్తాం? రెండో చివర ఇంకో లావుపాటి పిల్లవాణ్ణి కూర్చోబెడతాం. నేనూ అదే చేశాను. ముందు పెట్టెలో మన తోట బంగాళాదుంపలు రెండు బస్తాలు దించాను. స్నానాల గదిలోని బరువు మిషన్ తెచ్చి, దాని మీద కట్టెముక్క నిలబెట్టి, కారవాన్ ముక్కుని ఆనించి చూశాను. పుస్తకంలో ఎంత ఉండాలన్నారో సరిగ్గా అంతే. తను ఆ మిషన్ ఎక్కినప్పుడు నేనెప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదని లామీ ఫిర్యాదు.

దారంతా గీత గీసినట్టు వచ్చింది బండి.

ఇక్కడ అందరూ మన దేశంవాళ్లే. అన్ని కారవాన్‌లకీ సైకిళ్లున్నాయి, చాలావాటికి ముందు వైపే ఉన్నాయి, ఆ సంగతి బావకి చదవక్కర్లేదు. పక్క గుడారం ఫ్రీస్‌లాండ్ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మా బండి చుట్టూ తిరిగి, వెనక భాగం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఫ్రీస్‌లాండ్ వాళ్లు తిట్టేది అలాగే.

లామీ పొద్దున్నే తన సైకిల్ తీసుకుని కాలవ వెంట పోతుంది, సాయంత్రం చెర్రీపళ్లతో, ఎర్రబడ్డ ముక్కుతో తిరిగొస్తుంది. నా సైకిల్ కట్టు ఇంకా విప్పలేదు. నాకు ఇక్కడ తీరిక ఎక్కడిది? గుడ్డ పందిరి మేకులు బిగించాలి, కారవాన్ కడగాలి, కడిగింది ఆరిందో లేదో చూడాలి. నిన్న లామీ అడిగింది, "నీ సైకిల్ ఫ్రాన్సు చూడ్డానికి వచ్చిందా, కారవాన్ వీపు చూడ్డానికి వచ్చిందా?" అని. ఏటా అడుగుతుంది. ఏటా నేను నవ్వి ఊరుకుంటాను.

బంగాళాదుంపలు ఈ ఏడు అద్భుతంగా కుదిరాయి. ఫ్రాన్సులో దొరకవా అని అడిగే మనిషి మన ఊళ్లో లేడు గనక నేను సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు. మొన్న సాయంత్రం ఆకుకూర వేసి మెదిపి, పైన వేయించిన పందిమాంసం చల్లి, క్యాంపులో మన వరసనంతా పిలిచి పెట్టాను. ఫ్రీస్‌లాండ్ ఆయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. అప్పుడూ ఏమీ అనలేదు.

చిక్కుడు పాదులకి నీళ్లు పొయ్యి.

నీ తమ్ముడు
రూలోఫ్


మన ఊరు
16 జూన్

ఒరేయ్ రూలోఫ్,

చదివాను, రెండుసార్లు. మీ బావ రెండుసార్లూ విన్నాడు. మూడోసారి కళ్లజోడు పెట్టుకుని తనే చదువుకున్నాడు. కళ్లజోడు తీసి ఇలా అన్నాడు. "యాన్‌టీన్, మీ తమ్ముణ్ణి ఒక్కటి అడుగు. ఆ బంగాళాదుంపలు బరువురాళ్లా, భోజనమా? ముందు అది తేల్చుకోమను."

నాకు అర్థం కాలేదు. అడిగితే, "మాస్టారికి అర్థమవుతుందిలే" అన్నాడు. నీకు అర్థమైతే సరే.

చిక్కుళ్లకి నీళ్లు పోస్తున్నాను. పైన దేవుడు కూడా పోస్తున్నాడు, ఇద్దరి మధ్య అవి మునిగేట్టున్నాయి. నువ్వు చెప్పావు గనక పోస్తున్నాను, ఆయన ఎవరు చెప్పగా పోస్తున్నాడో.

ఇరవై అయిదున మీ బావ పుట్టినరోజు. ఆ రోజే ఫుట్‌బాల్ ఫైనల్ పడేట్టుందట, మనవాళ్లు అంతదాకా వస్తే. కుర్చీలు గుండ్రంగా వెయ్యాలా, టీవీ వైపు తిప్పి వెయ్యాలా అని ఇప్పటినుంచే నాకు దిగులు. గుండ్రంగా వెయ్యకపోతే అది పుట్టినరోజే కాదంటాడు మీ బావ.

లామీని అడిగానని చెప్పు. చెర్రీపళ్లు తిని నీళ్లు తాగొద్దను.

అక్క
యాన్‌టీన్


నెఫ్‌షాటో, మ్యోజ్ నది దగ్గర
21 జూన్

అక్కా,

బర్గండీ వదిలి బయల్దేరాం. నీ ఉత్తరం ఏదైనా వచ్చుంటే ఆ క్యాంపులోనే ఉండిపోయి ఉంటుంది, వెనకాల పంపమని చెప్పి వచ్చాను.

దార్లో చిన్న గాలి. పెద్ద లారీ ఒకటి పక్కనుంచి పోయింది, ఆ గాలికి కారవాన్ కాస్త ఊగింది. ఎవరికీ ఏం కాలేదు. ఇది బావకి చెప్పాల్సినంత విషయం కాదు.

ఇంకో మాట రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు. అది జరిగాక లామీ ఇక నా పక్కన కూర్చోనని చెప్పేసింది. నేను చాలా నచ్చజెప్పాను. లారీ సంగతీ చెప్పాను. తన మనసు మారలేదు. తన బట్టలు తన సంచీల్లో సర్దుకుంది. ఇకనుంచి తన దారి తనది, నా దారి నాది. నది వెంట పోతానంది, నేను ఆపలేదు. ఈ వయసులో ఒకరినొకరు బలవంతపెట్టుకుంటే ఏం బాగుంటుంది? మేం పోట్లాడుకోలేదు. చాలా మర్యాదగా మాట్లాడుకుంటున్నాం. అంత మర్యాదగా పెళ్లికి ముందు కూడా మాట్లాడుకోలేదు.

కారవాన్ వెనక ఇప్పుడు నా సైకిల్ ఒక్కటే ఉంది. ఒక పక్కకి ఒరిగి వేలాడుతోంది. చూడ్డానికి ఏం బాగాలేదు.

ఇది నలుగురికీ చెప్పుకునే సంగతి కాదు, నీకు మాత్రం రాస్తున్నాను. ఉత్తరం వెర్దన్ పోస్టాఫీసుకి రాయి, అక్కడ పేరు చెప్పి తీసుకుంటాను.

రూలోఫ్


మన ఊరు
26 జూన్

నాన్నా రూలోఫ్,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. కేకు మీద క్రీము రాస్తూ చదివాను. చెంచా చేతిలోంచి జారిపోయింది.

ఇన్నేళ్ల కాపురం! ఎవర్రా అతను? ఆ ఫ్రీస్‌లాండ్ వాడా, మూడుసార్లు వడ్డించుకున్నవాడు? నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మాట్లాడకుండా తినేవాళ్లని నేను నమ్మను. కాలవ వెంట రోజూ పొద్దున్నే పోయి సాయంత్రం ఎర్రబడ్డ ముక్కుతో రావడం ఏమిటి? నువ్వు అక్కడ కూర్చుని కారవాన్ కడుక్కుంటున్నావు. ఓరి పిచ్చివాడా.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. అందరూ వచ్చారు, కుర్చీలు గుండ్రంగానే వేశాం, టీవీని ఆ గుండ్రంలో ఒక చుట్టంలాగా కూర్చోబెట్టాం. మనవాళ్లు మొదటి గోలు కొట్టారు, ఇల్లంతా అరుపులు. సగం ఆట అయ్యి విరామం వచ్చింది. అందరూ ఒక్కసారి చల్లబడ్డారు. అప్పుడు ఎదురింటి స్వాన్చె, "రూలోఫ్ మాస్టారూ లామీ ఎలా ఉన్నారు? వాళ్లూ అక్కడ చూస్తూ ఉంటారా?" అని అడిగింది. నేను ఏడ్చేశాను. ఏడ్చాక చెప్పక తప్పుతుందా?

కప్పు మనవాళ్లే గెలిచారు. ఊరంతా నారింజ రంగు బట్టలు కట్టుకుని వీధిలో ఎగిరింది. ఎగురుతూ ఎగురుతూనే ఒకళ్ల చెవిలో ఒకళ్లు మీ సంగతి ఊదుకున్నారు. పొద్దున చర్చిలో పాస్టరు గారు నా చెయ్యి పట్టుకుని "ఒంటరి ప్రయాణంలో ఉన్నవారి కోసం" అని ప్రార్థన చేశారు. పేరు చెప్పలేదు, కానీ అందరూ నావైపే తిరిగారు. స్వాన్చె మొగుడు పోయి ఆరేళ్లయింది కదా, మధ్యాహ్నం వచ్చి నువ్వు బఠానీ చారు తింటావా, ఎంత తింటావు అని అడిగి వెళ్లింది.

మీ బావ మాత్రం ఒక్క మాట అన్నాడు, "దుంపలు అయిపోయుంటాయి" అని. మనిషికి కాపురం కూలిపోతుంటే ఈయనకి దుంపల ధ్యాస. నాకు ఒళ్లు మండిపోయింది, మిగిలిన కేకు పెట్టలేదు.

నువ్వు ఇంటికి వచ్చెయ్. పై గది శుభ్రం చేశాను.

అక్క


వెర్దన్
30 జూన్

అక్కా! అక్కా!

పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి నీ ఉత్తరం చదివి ఎంత గట్టిగా "అయ్యో" అన్నానంటే లోపలి గుమాస్తా బయటికొచ్చి చూశాడు.

ఏ విడాకులూ లేవు. లామీ సైకిలు మీద ఇంటికి వస్తోంది. అంతే. నా కారులో కూర్చోనంది, సైకిలు విప్పుకుని ఎక్కింది, నది వెంట పోతే దారి తప్పదనీ, ఈ నదే మన దేశంలోకి వస్తుందనీ తొక్కుకుంటూ బయల్దేరింది. నేను ముందు పోయి, క్యాంపు చూసి, పందిరి వేసి, వంట చేసి ఎదురుచూస్తుంటాను. సాయంత్రం వస్తుంది, తింటుంది, "బాగుంది, థాంక్యూ" అంటుంది, కారవాన్‌లోనే పడుకుంటుంది. నిలబడి ఉన్న కారవాన్ మీద తనకి ఏ కోపమూ లేదట, కదిలే కారవాన్ మీదే. నచ్చిన చోట రెండు మూడు రోజులు ఆగుతుంది, తొందరేం లేదంటుంది. ఫ్రీస్‌లాండ్ ఆయన పెళ్లాం పిల్లల్తో ఎప్పుడో ఇంటికి చేరి ఉంటాడు, ఆయన్ని వదిలెయ్.

ఈ ముక్క మొదటే రాయాల్సింది. కానీ "నా పెళ్లాం నా బండి ఎక్కడం కంటే ఇంత దూరం తొక్కడమే నయమనుకుంది" అని ఎలా రాయను? నువ్వు పైకి చదువుతావు, బావ వింటాడు. పరువు దక్కించుకుందామని గుట్టుగా రాస్తే ఉన్న పరువు కాస్తా బజారున పడింది. ఫైనల్ ఆట విరామంలో!

నీ పదహారో తారీఖు ఉత్తరం కూడా మొన్ననే నన్ను చేరింది. బావ అడిగిన ప్రశ్న నాకు ఏ వారం కావాలో సరిగ్గా ఆ వారం తప్పి వచ్చింది. ఇప్పుడు జవాబు రాస్తున్నాను, పైకే చదువు. బావా, అవి భోజనమే. విందు పెట్టాను, అడిగినవాళ్లకి ఇచ్చాను, మేమిద్దరం రెండు పూటలా తిన్నాం. బయల్దేరే పొద్దున ముందు పెట్టెలో దుంప లేదు. ఒక్క దుంప లేదు! ఖాళీ బస్తాలు మాత్రం నీటుగా మడిచి అందులోనే పెట్టాను. ఎగుడుదిగుడు బల్ల మీద ముందు కూర్చున్న పిల్లవాణ్ణి మేం వండుకు తినేశాం, వెనక పిల్లవాడు మాత్రం సైకిళ్ల రూపంలో కదలకుండా కూర్చున్నాడు. బరువు మిషన్ కారవాన్‌లోనే ఉంది. ఇంకోసారి తూచాలని తట్టలేదు. తూచింది తూచినట్టే ఉంటుందనుకున్నాను. ఇలాంటి లెక్క చేసిన పిల్లల్ని నేను బెంచీ మీద నిలబెట్టేవాణ్ణి.

పల్లంలో దిగుతుంటే కారవాన్ తోక ఎడమకి పోయింది, కుడికి పోయింది, మళ్లీ ఎడమకి ఇంకా ఎక్కువ పోయింది. వెనక ఉండాల్సిన బండి నా పక్క అద్దంలో, నాతో సమానంగా వస్తోంది. నేనేం చేశానో నాకు గుర్తులేదు. చివరికి రోడ్డు పక్క గడ్డిలో అడ్డంగా ఆగాం. ఏ లారీ లేదు. లామీకి మాత్రం ఇప్పటికీ లారీ అనే చెప్తున్నాను. ఒకసారి చెప్పాక మార్చడం కష్టం.

ఊళ్లో అందరికీ అసలు సంగతి చెప్పు, దయచేసి. ముందు పాస్టరు గారికి, తర్వాత వెంటనే స్వాన్చెకి.

రూలోఫ్


మన ఊరు
4 జూలై

రూలోఫ్,

చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "పాపం, తమ్ముడి పరువు కాపాడుకుంటోంది" అని నా వెనక అనుకుంటున్నారు. అబద్ధాన్ని ఒక్క ఏడుపుతో నమ్మించాను, నిజాన్ని ఇల్లిల్లూ తిరిగి చెప్పినా నమ్మించలేకపోతున్నాను. స్వాన్చె చారు కాచి మా ఫ్రీజులో పెట్టి వెళ్లింది. మీ బావకి దుంపల జవాబు పైకే చదివాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "వాళ్లిద్దరూ బతికి ఉన్నారు కదా" అన్నాడు, లేచి తోటలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న లామీ ఫోను చేసింది, రోడ్డు పక్క డబ్బాలోంచి. నేను "దుంపల విషయం మాకు తెలిసింది లామీ, వాడికి సిగ్గుగా ఉంది, క్షమించెయ్" అన్నాను. తను ఏమందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"దుంపల సంగతా వదినా? అది క్యాంపులో అందరికీ తెలుసు, మాస్టారికి తప్ప. దానికి నాకేం కోపం లేదు. లారీ అంటున్నాడు, అననీ. బండి ఆగింది వదినా. కళ్లు తెరవడానికి కూడా భయంగా ఉంది. ఇతను తలుపు తీసి 'సైకిళ్లు!' అన్నాడు. అని వెనక్కి పరిగెత్తాడు. నావైపు తిరిగి కూడా చూడలేదు. ఎంతసేపటికీ రాడు. నేనే దిగి పిలిచాను. అప్పుడొచ్చి 'రెండూ బాగానే ఉన్నాయి' అన్నాడు. రెండూ అంటే సైకిళ్లు. నేనెలా ఉన్నానో ఇవాళ్టిదాకా అడగలేదు. వంట చేస్తున్నాడు, పందిరి వేస్తున్నాడు, దుప్పటి దులుపుతున్నాడు. అది మాత్రం అడగడు."

మాస్ట్రిక్ట్ దాకా నది వెంటే వస్తుందట. అక్కణ్ణుంచి ఇంటికి రావాలో, జేలాండ్‌లో వాళ్ల చెల్లెలి దగ్గరికి పోయి ఉండిపోవాలో ఇంకా తేల్చుకోలేదంది. కొన్నాళ్లకా అని అడిగాను. "చూడాలి వదినా" అంది. ఆ "చూడాలి" నాకు నచ్చలేదురా.

నేను తొందరపడి అబద్ధపు విడాకులు చాటాను. నువ్వు వాటిని నిజం చేసి నా మాట నిలబెట్టేట్టున్నావు. ఒక్కటి చెప్పు. సైకిళ్ల కోసం ఎందుకు పరిగెత్తావు?

యాన్‌టీన్


జివే, బెల్జియం సరిహద్దు దగ్గర
8 జూలై

అక్కా,

నీ ప్రశ్నకి జవాబు. సైకిళ్ల కోసం పరిగెత్తలేదు.

బండి ఆగాక లామీ వైపు చూశాను. తను చూడలేదనుకుంటోంది, చూశాను. తల వెనక్కి వాలి ఉంది, కళ్లు మూసుకుని ఉంది, కదలడం లేదు. పోయిందనుకున్నాను. చెయ్యి చాపి భుజం తాకితే తెలిసిపోయేది. ఆ చెయ్యి చాపడానికి నాకు ధైర్యం చాలలేదు. తాకాక నిజమైపోతే? అప్పుడు ఏదో ఒక మాట అని బయటపడాలి, నోటికి వచ్చింది సైకిళ్లు. కారవాన్ వెనక్కి పోయి గడ్డిలో మోకాళ్ల మీద కూలబడి కక్కుకున్నాను. నా ఎదుట సైకిళ్లు రెండూ చిన్న గీత కూడా పడకుండా వేలాడుతున్నాయి. ఎంత బాగా కట్టానో! వాటిని చూసి నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

అప్పుడు "రూలోఫ్?" అని వినబడింది. బతికే ఉంది. నేను నోరు తుడుచుకుని, లేచి, చొక్కా సర్దుకుని వెళ్లి, ప్రపంచంలో ఇంకే మగాడికీ తట్టని మాట అన్నాను. రెండూ బాగానే ఉన్నాయి!

ఎలా ఉన్నావని అడగబోయినప్పుడల్లా నాకు ఆ మూసుకున్న కళ్లు కనబడతాయి, వెంటనే లేచి మేకులు బిగించడానికి పోతాను. ఈ క్యాంపులో మా పందిరికి ఉన్నన్ని మేకులు ఎవరికీ లేవు.

అక్కా, ఒక్క సాయం. లామీ మళ్లీ ఫోను చేస్తే ఈ ఉత్తరం తనకి చదివి వినిపించు. నీ నోటి నుంచి వింటే నమ్ముతుంది. నేను చెప్పలేను. మొదలుపెడితే మధ్యలో మళ్లీ లారీ వచ్చేస్తుంది.

రూలోఫ్


మన ఊరు
11 జూలై

రూలోఫ్,

లామీ నిన్న ఫోను చేసింది. నీ ఉత్తరం నా ఒళ్లోనే ఉంది. చదవలేదు. వాతావరణం మాట్లాడుకున్నాం.

చదవను కూడా. ఈ వేసవిలో మీ ఇద్దరి సంగతులు నేను మోసింది చాలు, ఎక్కడ దించినా పగిలిపోయింది. అది నాకు రాయాల్సిన ఉత్తరం కాదురా. ఆమెతో చెప్పాల్సిన మాట. నువ్వు దాన్ని కూడా కొక్కేనికి తగిలించి నా చేత లాగిస్తానంటే కుదరదు.

వారంలో మాస్ట్రిక్ట్ చేరతానంది. అక్కడ రైలు స్టేషనుంది, జేలాండ్‌కి సైకిలుతో సహా ఎక్కొచ్చు. కనుక్కుని పెట్టుకుంది. కారులో కూర్చుని ముందు క్యాంపుకి పోయి వంట చేస్తూ కూర్చున్నావంటే అది మీ ఇద్దరికీ ఆఖరి వంట కావచ్చు. నామూర్‌కి రాస్తున్నాను, అందగానే కదులు.

నాకు భయంగా ఉంది. చిన్నప్పటినుంచి నువ్వు ఏడుపు వస్తే గోడ చాటుకి పోతావు. ఈసారి పోకు.

అక్క


మాస్ట్రిక్ట్
17 జూలై

అక్కా,

నీ ఉత్తరం నామూర్ క్యాంపులో అందింది. లామీ అప్పటికే బయల్దేరి పోయింది. నేను మూడుసార్లు చదివి, కారవాన్ తలుపు తాళం వేసి, క్యాంపు ఆయనకి అప్పజెప్పి, వెనకాల ఒంటరిగా వేలాడుతున్న నా సైకిల్ విప్పాను. రెండు టైర్లలోనూ గాలి లేదు. ఇన్నేళ్లుగా యూరప్ అంతా తిరిగిన సైకిలది, రోడ్డు మాత్రం తొక్కలేదు. పక్క గుడారం బెల్జియం ఆవిడ పంపు ఇచ్చింది. నేను కొడుతుంటే చూడలేక తనే కొట్టింది.

తర్వాతి సంగతి బావకి చదవొద్దు. లేదా చదువు, ఇంక దాచుకోడానికి ఏం మిగిలింది?

నది పక్క దారి చదునుగా ఉంటుందంటారు. కూర్చుని లెక్క చెప్పేవాళ్ల మాట అది. ఎదురుగాలి. మొదటి వంతెన దగ్గరికి మోకాళ్లు, రెండో వంతెన దగ్గరికి నడుము, ఆ తర్వాత రాయడానికి వీల్లేని చోటు నొప్పెట్టాయి. ఈతకొట్టి ఇంటికి పోతున్న పిల్లలు నన్ను దాటిపోయారు. ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూసి, జాలిపడి, కాస్త నెమ్మదిగా తొక్కింది. అది ఇంకా అవమానం. ప్రతి మలుపులోనూ లామీ ఉంటుందనుకుంటాను, ఉండదు. మనిషి ఇంత వేగంగా తొక్కుతుందని నాకు తెలియదు. నాకు తెలియనివి చాలానే ఉన్నాయని అప్పటికి బోధపడుతోంది.

హుయి అనే ఊరు దాటాక పడవల కోసం నీళ్లు కట్టే గేట్ల దగ్గర బెంచీ మీద కూర్చుని జున్నూ రొట్టే తింటోంది. నన్ను చూసి నోట్లో ముద్ద అలాగే ఉంచేసింది. సైకిల్ దిగబోయాను, కాలు ఇటు రాలేదు, సైకిలుతో సహా గడ్డిలో పడ్డాను.

లామీ రొట్టె పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చింది. "దెబ్బ తగిలిందా? ఎలా ఉంది? ఎక్కడ నొప్పి?" అంది. సైకిల్ వైపు చూడనే లేదు.

అక్కా, నేను అలాగే గడ్డిలో కూర్చుండిపోయాను. తనకి ఎంత తేలిగ్గా వచ్చిందో చూడు ఆ మాట.

"లారీ లేదు" అన్నాను.

"తెలుసు" అంది.

"దుంపలు."

"అదీ తెలుసు."

"వెనక్కి పోయింది సైకిళ్ల కోసం కాదు. కక్కుకోడానికి."

"తెలుసు. ఆ సాయంత్రం నీ బూట్లు కడిగింది ఎవరనుకున్నావు?"

తెలిసి కూడా ఇన్నాళ్లూ, ఇంత దూరం తొక్కిందా? అదే అడిగాను. "కక్కావని తెలుసు. ఎందుకో నాకేం తెలుసు?" అంది. "దుంపలు పడలేదేమో అనుకున్నా. నువ్వు చెప్పాలి కదా."

చెప్పాను. నీకు రాసినదంతా చెప్పాను, లారీ మధ్యలోకి రాలేదు. నువ్వు పోయావనుకున్నానని చెప్పాను. చివర్లో, నెల రోజులు ఆలస్యంగా, "నువ్వెలా ఉన్నావు లామీ?" అని అడిగాను. ఒక పడవ గేట్లలోకి వచ్చింది, నీళ్లు దిగాయి, పడవ పోయింది. అప్పుడు తన రొట్టె సగం విరిచి నాకిచ్చి, "ఇప్పుడు పర్లేదు. తిను, ఇంకా చాలా దూరం ఉంది" అంది.

అక్కణ్ణుంచి ఇద్దరం తొక్కుతున్నాం. గాలి ఆపడానికి నన్ను ముందు తొక్కమంది. కాసేపటికే నన్ను దాటి తనే ముందుకి పోయింది. మాస్ట్రిక్ట్‌లో రైలు స్టేషను పక్కనుంచే వచ్చాం. నేను తన వైపే చూశాను. తను తల కూడా తిప్పలేదు.

బావని ఒక మాట అడుగు. నామూర్‌లో కారూ కారవానూ ఉన్నాయి, వీలున్నప్పుడు వచ్చి తెచ్చిపెడతాడా అని. వెనక సైకిళ్లు లేవు, ముందు ఏం పెట్టుకుంటాడో ఆయన ఇష్టం, నేను నోరెత్తను. స్వాన్చె చారు మాత్రం ఉంచు. ఇంటికి చేరేసరికి ఆకలి మీద ఉంటాం.

రూలోఫ్

వదినా, పిక్నిక్ బల్ల మీద ఇతను వంగి రాస్తుంటే భుజం మీంచి అంతా చదివాను. గడ్డిలో పడ్డాడని రాశాడు, పిల్లలు దాటిపోయారని రాశాడు, నవ్వొచ్చేవన్నీ రాశాడు. ఒక్కటి రాయలేదు. అది చెప్పేటప్పుడు నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు. నా ఎదుటే, ఎక్కడికీ పోకుండా. ఇంటికి వస్తున్నాం.
లామీ